ఆకరం చెప్పని పాండిత్యం

తెలుగు సాహిత్యం మీదా, స్థానిక చరిత్ర మీదా పరిశోధన చేస్తున్నామనే వారిని కొంతకాలంగా ఒకటే ప్రశ్న అడుగుతున్నాను: "మీరు చదివినవాటి వివరాలు ఎక్కడ భద్రపరుస్తారు?" నా ఈడు పండితులు తమ తల వంక వేలు చూపిస్తారు. నాకంటె చిన్నవారు బీరువాలోని నోటుపుస్తకాలు చూపిస్తారు. మరీ చిన్నవారు "దాచడం దేనికి మాస్టారూ, నెట్‌లో కొడితే వస్తుంది కదా" అంటారు. దీనికోసమే రెఫరెన్సు మేనేజరు అనే సాఫ్టువేరు ఉంది, అందులో పెట్టుకోండి అన్నానో, అంతవరకూ ఒకరితో ఒకరికి పొసగని ఈ మూడు వర్గాలూ ఒక్కటైపోయి "అది సైన్సువాళ్లకు, మనకెందుకు?" అంటాయి.

ఆ "మనకెందుకు" అన్న మాట మీదనే ఈ టపా. మనకే కావాలన్నది నా సిద్ధాంతం. తెలుగులో చదివి, చదివినదాన్ని ఆధారం చేసుకొని వ్రాసే ప్రతివాడూ తన చదువుకు ఒక సక్రమమైన ఆకర పట్టిక ఉంచుకోవడం సౌకర్యం కోసం కాదు, ధర్మం. ఆ ధర్మం పాటించడానికి ఈనాడు చేతికందే పనిముట్టును కాదనడం పాండిత్యం కాదు, బద్ధకం. మిత్రులు కటువుగా ఉన్నదనుకుంటే ముందు పూర్తిగా చదివి, పిదప తిట్టవలసిందిగా మనవి.

మొదట వస్తునిర్దేశం చేసుకుందాం. నేను వాడుతున్నది జొటెరో. ఉచితం. దానిలో ఒక్కొక్క గ్రంథానికి ఒక పద్దు ఉంటుంది. గ్రంథకర్త, పరిష్కర్త, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, ఎన్నవ ముద్రణ, ఎన్ని పుటలు అన్నవి వేరువేరు గళ్లలో నింపుతాము. ఆ పద్దుకే పుస్తకపు పీడీఎఫ్ ప్రతిని తగిలించవచ్చు. మనం చదువుతూ వ్రాసుకొన్న గమనికలను తగిలించవచ్చు. విషయసూచకంగా చిన్న చిన్న చీటీలు అంటించవచ్చు. వ్యాసం వ్రాసేటప్పుడు ఏ మాటకు ఏ ఆధారమో చూపిస్తే చాలు, వ్యాసం చివర ఉపయుక్త గ్రంథసూచి తానే తయారవుతుంది. ఇదీ స్థూలంగా దాని పని.

"సైన్సువాళ్లకు" అన్న ఆక్షేపణకు సమాధానం ఈ ఉపకరణం జన్మవృత్తాంతంలోనే ఉంది. జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. పుట్టించినది రసాయనశాస్త్ర శాఖ కాదు, వైద్యశాస్త్ర శాఖ కాదు; చరిత్రకూ నూతన మాధ్యమాలకూ సంబంధించిన కేంద్రం. పాత కాగితాలూ, దస్తావేజులూ, దినపత్రికలూ తిరగేసేవారు తమ అగచాట్లు తీర్చుకోవడానికి చేసుకొన్న పనిముట్టు ఇది. మన పని కూడా సరిగ్గా అదే కదా!

ఇక అసలు పూర్వపక్షాలకు వద్దాం.

"ఇది పాశ్చాత్యుల అలవాటు. మన సంప్రదాయంలో పద్యం నోటికి వస్తే చాలు, పుట సంఖ్యలతో పని లేదు" అన్నది మొదటి వాదం. ఈ మాట అనేవారు సంప్రదాయం పేరు చెప్పి సంప్రదాయాన్నే చిన్నబుచ్చుతున్నారు. మన కోలాచలం మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానం వ్రాయబోతూ, మూలం లేనిది ఏదీ వ్రాయనని, అనవసరమైనది పలకనని ముందుగానే ప్రతిజ్ఞ చేసుకొన్నాడు. నేటి మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు. ఆ ప్రతిజ్ఞలోని మొదటి సగం ఈనాడు ఏ విశ్వవిద్యాలయమైనా తన పరిశోధక విద్యార్థికి పెట్టే మొదటి నియమమే. మనం దానిని పరాయిదని తోసిపుచ్చుతున్నాము.

పదిహేనవ శతాబ్దంలో మడికి సింగన సకలనీతిసమ్మతం కూర్చాడు. అనేక నీతిగ్రంథాల నుండి పద్యాలు ఏరి విషయానుసారంగా అమర్చాడు. ఏరి ఊరుకోలేదు, ఏది ఏ గ్రంథంలోనిదో పేర్కొన్నాడు. ముద్రామాత్యం, పురుషార్థసారం వంటి గ్రంథాలు నేడు మనకు దొరకవు. అయినా అవి ఉండేవని, వాటి శైలి ఇట్లా ఉండేదని మనం చెప్పగలుగుతున్నామంటే అది సింగన వ్రాసిపెట్టిన ఆకరాల పుణ్యమే. పెదపాటి జగన్నాథకవి ప్రబంధరత్నాకరం అటువంటిదే. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1918లో ప్రకటించిన ప్రబంధరత్నావళిలో అలభ్యకావ్యాల పద్యాలు కవుల పేర్లతో సహా మన చేతికి వచ్చాయంటే, పూర్వం ఎవరో ఒకరు ఆ పద్యం ప్రక్కన ఆ పేరు వ్రాశారు గనుకనే. పద్యం వ్రాసి పేరు వ్రాయకుండా విడిచిపెట్టి ఉంటే? అవన్నీ అనాథలై, ఏ శ్రీనాథుని ఖాతాలోనో జమ అయిపోయి ఉండేవి.

మా ప్రాంతం సంగతే చూడండి. పల్నాటి కామేపల్లిలో కూర్చొని కాకునూరి అప్పకవి 1656లో అప్పకవీయం వ్రాశాడు. ప్రతి లక్షణానికీ లక్ష్యం చూపాడు. యతి చెప్పినా ప్రాస చెప్పినా ఫలానా కవి ప్రయోగమని ఉదాహరించాడు. ఆయనకు కరెంటు లేదు, కాగితం లేదు, అచ్చుపుస్తకం లేదు. తాటాకు కట్టల్లో వెదకి పట్టుకొన్న ప్రయోగాలవి. ఆయన పడ్డ శ్రమలో నూరవ వంతు పడితే మన బీరువాలోని పుస్తకాలన్నిటికీ పద్దులు వ్రాసుకోవచ్చు.

దీనికి ఎదురుగా ఆకరం లేని చదువు ఏమి చేసిందో కూడా మా పల్నాటి మీదనే చూపిస్తాను. పల్నాటి సీమ ఎండలను, జొన్నకూటిని, నీటి కరవును వెక్కిరించే చాటువులు శ్రీనాథునివిగా ప్రచారంలో ఉన్నాయి. అందరికీ నోటికి వచ్చు. సభల్లో చదువుతారు, పెళ్లిళ్లలో చదువుతారు, వ్యాసాల్లో ఎక్కిస్తారు. వీటిలో ఏది నిజంగా శ్రీనాథునిది, ఏది తరువాతి వారెవరో కట్టి ఆయనకు అంటగట్టినది అని నిలదీస్తే బదులు చెప్పగలవారు అరుదు. నోటినుండి నోటికి వచ్చిన పద్యానికి చిరునామా ఉండదు. ఆ పద్యాల మీద ఆధారపడి శ్రీనాథుని శీలాన్ని, స్వభావాన్ని, ప్రయాణాలను నిర్ణయించిన వ్యాసాలు మాత్రం కోకొల్లలు. పునాది ఏదో తెలియని గోడమీద మిద్దె మీద మిద్దె కట్టుకుంటూ పోతున్నాము. జ్ఞాపకశక్తి మీద నాకు అపారమైన గౌరవం. అయితే జ్ఞాపకం పద్యాన్ని నిలుపుతుంది గాని దాని ఆకరాన్ని నిలపదు.

రెండవ వాదం నోటుపుస్తకం వారిది. వీరి మీద నాకు సగం సానుభూతి ఉంది. వీరు కనీసం వ్రాసుకుంటారు. కాని ఆ వ్రాతను ఎవరైనా తిరగేసి చూశారా? "వీరేశలింగం - కవుల చరిత్ర - చాలా ముఖ్యం" అని ఉంటుంది. ఏ సంపుటం? ఏ ముద్రణ? ఎన్నవ పుట? వీరేశలింగం పంతులుగారు ఆ గ్రంథాన్ని తామే సవరించి మళ్లీ ప్రకటించారు. మొదటి కూర్పులో అన్న మాట తరువాతి కూర్పులో ఉండకపోవచ్చు. ఏ కూర్పో చెప్పకుండా "పంతులుగారు ఇట్లా అన్నారు" అనడం, ఏ రోజు పేపరో చెప్పకుండా మిరప ధర చెప్పడం వంటిది.

మిరప మాట వచ్చింది గనుక మా గుంటూరు యార్డు ఉదాహరణే చెబుతాను. అక్కడికి రైతు దించిన ప్రతి టిక్కీకీ లెక్క ఉంటుంది. ఎవరి సరుకు, ఏ కమీషన్ వ్యాపారి దుకాణంలో దిగింది, ఏ రకం అన్నవి తెలియకుండా తూకం కాదు. లాం పరిశోధన కేంద్రంలో పుట్టిన 334 రకాన్ని తేజ అని చెప్పి అమ్మబోతే కొనేవాడు పిడికెడు కాయలు చేతిలోకి తీసుకొని చూసి మొహం మీదే చెబుతాడు. ధర లేనప్పుడు శీతల గిడ్డంగిలో పెట్టినా రసీదు చేతికి రానిదే రైతు అక్కడినుండి కదలడు. మరి అంతకంటె విలువైనదని మనం చెప్పుకొనే విద్యను రసీదు లేకుండా, రకం పేరు లేకుండా, ఎవరి పొలంలో పండిందో చెప్పకుండా సభలో దించుతున్నాము. యార్డులో హమాలీ పాటించే నియమం ఆచార్యులకు అక్కరలేదా?

నోటుపుస్తకానికి ఇంకొక జబ్బు ఉంది. అది వ్రాసినవాడికి తప్ప అర్థం కాదు, వ్రాసినవాడితోనే పోతుంది. మా జిల్లాలో ఒక పెద్ద పండితుడు గతించారు. యాభై ఏళ్లు చదివినవారు. ఆయన నోటుపుస్తకాలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. ఏడాది తిరగకుండానే ఇల్లు ఖాళీ చేయవలసివచ్చి పెట్టెలోని కాగితమంతా పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వెళ్లింది. పిల్లలను తప్పు పట్టను. వారు విప్పి చూశారు; పొట్టి పేర్లు, గీతలు, బాణం గుర్తులు, పుట సంఖ్యలు. ఏ పుస్తకం పుటలో తెలిస్తే కదా ఎవరికైనా ఇవ్వడానికి! ఒక మనిషి అర్ధశతాబ్ది చదువు తక్కెడలో కాగితపు బరువుగా మాత్రమే తేలింది. ఇటువంటివి తెలుగునాట ప్రతి పట్టణంలోనూ జరుగుతున్నాయని ఇది చదువుతున్న మీకు వేరే చెప్పనక్కరలేదు.

కంప్యూటరులో పద్దు వ్రాసుకొంటే ఆ చదువు మరొకరికి అందుతుంది. ఒకే పుస్తకాన్ని అనేక అరలలో ఉంచవచ్చు, నకళ్లు అక్కరలేదు. బీరువాలో అయితే సకలనీతిసమ్మతాన్ని నీతికావ్యాల వరుసలో పెట్టాలా, సంకలనాల వరుసలో పెట్టాలా అన్న పేచీ తెగదు. ఇక్కడ రెండింటిలోనూ ఉంటుంది, అలభ్యగ్రంథాలు అనే మూడో అరలోనూ ఉంటుంది. ఒక పుస్తకం ఒకే విషయానికి చెందదన్న చిక్కును విప్పడానికే రంగనాథన్ గారు 1933లో ద్విబిందు వర్గీకరణ చేసి ప్రపంచ గ్రంథాలయాలకు దారి చూపారు. పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది 1931లో వారు ప్రకటించిన ఐదు సూత్రాలలో ఒకటి. మన బీరువాకు మొదటి పాఠకులం మనమే. మన కాలాన్నైనా ఆదా చేసుకోవద్దూ?

మూడవ వాదం: "ఆ సాఫ్టువేరుకు తెలుగు రాదు." ఈ మాటలో కొంత నిజం ఉంది. నిజమున్నంత మేర ఒప్పుకోవలసిందే. చిక్కులు ఒక్కొక్కటే చెప్పి, నేను పట్టిన దారి కూడా చెబుతాను.

పేర్ల చిక్కు మొదటిది. ఆ గళ్లు ఇంటిపేరు వేరు, సొంతపేరు వేరు అని అడుగుతాయి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వారికి చివర. అదృష్టవశాత్తు మన పండితలోకం పెద్దలను ఇంటిపేరుతోనే పిలుస్తుంది. వేటూరి అన్నారు, కొమర్రాజు అన్నారు, మానవల్లి అన్నారు అంటాము. కనుక ఇంటిపేరు గడిలో వేటూరి అని, రెండో గడిలో ప్రభాకరశాస్త్రి అని నింపితే సరిపోతుంది. తిక్కన, ఎఱ్ఱన వంటి పూర్వకవులకు రెండు గళ్లు వద్దు. పేరునంతా ఒకే గడిలో ఉంచే సదుపాయం ప్రక్కనే ఉంది, అది వాడాలి. శ్రీశ్రీ వంటి కలంపేర్లకూ అదే మార్గం. ముఖ్యమైన నియమం ఒక్కటే: ఒక మనిషికి ఒకే రూపం. ఒకచోట కె.వి. లక్ష్మణరావు, మరొకచోట కొమర్రాజు వేంకట లక్ష్మణరావు అని వ్రాస్తే యంత్రం వారిని ఇద్దరిని చేస్తుంది.

రెండవది సంవత్సరం. పాత పుస్తకాల మీద కొన్నింటికి ప్రభవ, విభవ అని మాత్రమే ఉంటుంది. ప్రభవ 1867లో వచ్చింది, 1927లో వచ్చింది, 1987లో మళ్లీ వచ్చింది. ప్రభవ అని వ్రాసి ఊరుకుంటే అరవై ఏళ్ల అగాధం. ముద్రాక్షరశాల పేరు, ధర, పీఠిక చూసి క్రీస్తుశకం నిర్ణయించి, పుస్తకం మీద ఉన్నదాన్ని ఉన్నట్టుగా గమనికలో వ్రాయాలి. పునర్ముద్రణ అయితే చేతిలోని ప్రతి సంవత్సరం అసలు గడిలోనూ, తొలి ముద్రణ సంవత్సరం అదనపు గడిలోనూ ఉండాలి. మానవల్లి రామకృష్ణకవి గారు నన్నెచోడుని కుమారసంభవాన్ని లోకానికి వెల్లడించినది 1909లో. నా దగ్గరున్న ప్రతి తరువాతిది. చేతిలోని ప్రతి సంవత్సరమే వ్రాసి వదిలిపెడితే, ఆ కావ్యపు ప్రాచీనతపై నూరేళ్లుగా నడుస్తున్న వాదంలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది తారుమారవుతుంది.

మూడవది ఊరు. వేటపాలెం 1970కి ముందు గుంటూరు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లా పేరే ప్రకాశం అయింది. 2022లో వేటపాలెం బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలలేదు, జిల్లాలే దాని మీదుగా నడిచిపోయాయి. కాబట్టి ప్రచురణస్థలం పుస్తకం మీద ఉన్నట్టే వ్రాసి, నేటి జిల్లా పేరును చీటీగా అంటించాలి. లేదంటే ఒకే ఊరి అచ్చుకూటాల చరిత్ర మూడు జిల్లాల్లో చెల్లాచెదురవుతుంది.

నాలుగవది శాసనాలు. పద్దు రకాలలో శాసనం అన్నది లేదు. 848 నాటిదని పెద్దలు నిర్ణయించిన పండరంగని అద్దంకి శాసనం మన పద్యచరిత్రకు పునాదిరాయి. దానిని ఎక్కడ పెట్టాలి? నేను రెండు పద్దులు వ్రాస్తాను. శిల వ్రాతప్రతుల క్రిందికి వెళుతుంది, అచ్చయిన పాఠం వ్యాసాల క్రిందికి వెళుతుంది. రెండింటికీ సంబంధం కలిపే సదుపాయం ఉంది. ఇట్లా చేయడం మంచిదే అయింది. శిల మీద ఉన్నది వేరు, దానిని పండితుడు చదివిన తీరు వేరు అన్న వివేకం కళ్లెదుట ఉంటుంది.

ఐదవది అన్నిటికంటె పెద్దది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ మహాకార్యం తలపెట్టినవారిలో మన తెలుగువారైన రాజ్ రెడ్డి గారు ముఖ్యులు. అందుకు చేతులెత్తి నమస్కరించాలి. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. అయితే వాటికి తగిలించిన పేర్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాలలోకి దించినవారికి తెలుగు రాదో, తీరిక లేదో. హ్రస్వదీర్ఘాలు లేవు, ఒత్తులు లేవు, గ్రంథకర్త ఉండవలసినచోట ప్రచురణకర్త, సంపుటాల సంఖ్యలు గల్లంతు. జొటెరో మీట నొక్కితే ఆ వివరాలను తెచ్చి మన పద్దులో పోస్తుంది, ఆ తప్పులతో సహా. దానిని అట్లాగే ఉంచుకొనేవాడికి ఈ సాఫ్టువేరు చేసే మేలు లేదు. ప్రతి పద్దునూ ముఖపత్రం తెరిచి, చూసి, తెలుగు లిపిలో దిద్దాలి. ఐఎస్‌బిఎన్ సంఖ్య కొడితే వివరాలు వచ్చే మాట కూడా మన పాతపుస్తకాలకు చెల్లదు. 1970కి పూర్వపు పుస్తకాలకు ఆ సంఖ్యే లేదు. చేత్తో ఎక్కించుకోవలసిందే.

పీడీఎఫ్‌ల లోపలి పాఠం వెదకడం కూడా మనకు ఇంకా కలే. స్కాన్ చేసినవి బొమ్మలు. అను ఖతులతో కూర్చిన పత్రికలను వెదికితే తెలుగు బదులు గజిబిజి వస్తుంది. యూనికోడ్ కోసం ఇన్నేళ్లు మొత్తుకొన్న మనకు ఆ బాధ క్రొత్తది కాదు. పాఠం వెదకలేనప్పుడు దిక్కు మన గమనికలూ, మన చీటీలే. గమనిక యూనికోడ్‌లో ఉంటే క్షణంలో దొరుకుతుంది. గ్రంథం అని వెదికితే గ్రంధం దొరకదు, వ్రాత అని వెదికితే రాత దొరకదు. కాబట్టి చీటీలకు ఒకటే వర్ణక్రమం పెట్టుకొని కట్టుబడాలి. నాకు ముప్ఫైఆరేళ్లు పిల్లల వర్ణక్రమం దిద్దిన అలవాటు ఉంది గనుక ఇది కష్టం కాలేదు.

చూశారు కదా, "తెలుగు రాదు" అన్న ప్రతి చోటా దారి ఉంది. దారి లేనిచోట లోటు సాఫ్టువేరుది కాదు, తెలుగు పుస్తకానికి సరైన వివరపట్టిక వ్రాయని మనదే. ఎవరో వచ్చి మన గ్రంథసూచిని సిద్ధం చేసి పెట్టాక వాడతామనడం, ఎవరో పత్తి తీసి, వడికి, నేసి ఇస్తే కట్టుకుంటామనడమే.

నాలుగవ వాదం కొంత తెలివైనవారిది: "ఏదో కంపెనీ చేతిలో మన చదువంతా పెడితే రేపు వాడు తలుపు మూస్తే?" ఈ భయం న్యాయమైనదే. చరిత్ర కూడా దానికి సాక్ష్యం ఇస్తోంది. మెండెలీ అనే ఉపకరణాన్ని 2013లో ఎల్సెవియర్ అనే ప్రచురణ వ్యాపార సంస్థ కొనుక్కొంది. 2018లో వాడుకదారు కంప్యూటరులోని దత్తాంశానికే గుప్తలిపి వేసింది. దానితో జొటెరో నేరుగా ఆ పద్దులను చదువుకొనే దారి మూసుకుపోయింది. 2022లో ఆ పాత డెస్క్‌టాప్ ప్రతిని దించుకొనే వీలే తీసివేశారు. అప్పట్లో ఎండ్‌నోట్‌ను అమ్ముతుండిన థామ్సన్ రాయిటర్స్ 2008లో జొటెరో మీద కోర్టుకెక్కింది. ఎండ్‌నోట్‌లోని ఉల్లేఖన శైలుల దస్త్రాలను జొటెరో మార్చి వాడుకొంటోందన్నది వారి అభియోగం. గ్రంథసూచిలో కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అన్న దాని మీద వ్యాజ్యం! 2009లో ఆ దావాను న్యాయస్థానం కొట్టివేసింది.

ఈ కథ నుండి నేర్చుకోవలసినది పనిముట్టునే మానేయమని కాదు, సరైనదాన్ని ఎంచుకొమ్మని. జొటెరో మూలసంకేతం బహిరంగం. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. పద్దులన్నీ మన కంప్యూటరులోనే ఉంటాయి. ఇంటర్నెట్ లేకున్నా తెరుచుకొంటాయి. ఆ దస్త్రాల సంచిని నెలకొకసారి పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకుంటే చాలు. వేరే ఉపకరణాలు చదవగల రూపంలో ఎగుమతి చేసి ఇంకొక నకలు ఉంచుకుంటే మరీ మంచిది. రేపు జొటెరో లేకపోయినా పద్దులు ఉంటాయి. వారు ఉచితంగా ఇచ్చే నిలువ చోటు 300 మెగాబైట్లే. స్కాన్ పుస్తకాలు నాలుగు పెడితే నిండుతుంది. పీడీఎఫ్‌లను మన డిస్కులోనే ఉంచి, పద్దులను మాత్రం వారి దగ్గర పెట్టుకొంటే రూపాయి ఖర్చు లేదు.

ఇక చివరిది, కుర్రవారి వాదం: "నెట్‌లో కొడితే వస్తుంది." ఈ మాట ఒకప్పుడు అమాయకం, ఇప్పుడు ప్రమాదం. మొన్న మొన్నటివరకు నెట్‌లో కొడితే ఎవరో ఎక్కడో వ్రాసినది వచ్చేది. మంచో చెడో ఒక మనిషి వ్రాసినది. ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే లేని పుస్తకానికి పేరు పెట్టి, గ్రంథకర్తను నియమించి, పుట సంఖ్యతో సహా అప్పగించగలదు. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించి ఇచ్చిన, ఎన్నడూ జరగని కేసుల తీర్పులను కోర్టులో దాఖలు చేశారు. న్యాయమూర్తి అయిదు వేల డాలర్ల జరిమానా వేశారు. ఆ కోర్టులో నిజమా కాదా అని చూసుకోవడానికి తీర్పుల సంపుటాలున్నాయి, చూసేవారున్నారు. తెలుగులో ఒక మరబొమ్మ "ఫలానా కవి ఫలానా పీఠికలో ఇట్లా అన్నాడు" అని కల్పిస్తే, కాదని చెప్పడానికి ఆ పీఠిక తెరిచి చూసినవాడు ఉండాలి, చూసినట్టు పద్దు ఉండాలి. ఈమధ్య ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతగ్రంథం ముసాయిదా నాకు చూపించాడు. ఉపయుక్త గ్రంథాలలో సగానికి ఎదురుగా "ఇంటర్నెట్" అని ఉంది. మిగిలిన సగంలో కొన్నింటిని నేను ఏ గ్రంథాలయంలోనూ ఎరుగను. "ఎక్కడ చూశావు నాయనా?" అంటే బిక్కమొహం వేశాడు. అతడి మీద నాకు కోపం లేదు. అయిదేళ్లలో అతడికి ఒక్కరంటే ఒక్కరు ఆకరం ఎట్లా వ్రాసుకోవాలో నేర్పలేదు. కోపమంతా నేర్పవలసినవారి మీద.

ఇదంతా వ్రాసి, జొటెరో పెట్టుకొన్నవారంతా పండితులవుతారని నేను అనడం లేదు. వేయి పీడీఎఫ్‌లు పోగుచేసి ఒక్కటీ తెరవనివారు నాకు తెలుసు. కూడబెట్టడం చదవడం కాదు. గాదె నిండినంత మాత్రాన కడుపు నిండదు. ఒక నియమం పెట్టుకోండి: చదివి, రెండు వాక్యాల గమనిక వ్రాయనిదే ఏ పుస్తకాన్నీ "చదివినవి" అనే అరలోకి పంపకండి.

మన ప్రాంతానికి ఇటువంటి పని క్రొత్త కాదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలైనవారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపించారు. 1918లో వేటపాలెంలో కొందరు యువకులు మొదలుపెట్టినది సారస్వత నికేతనం అయింది. 1929లో గాంధీ గారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అక్కడ దాచిన పాత దినపత్రికల కోసం ఇప్పటికీ పరిశోధకులు ఆ ఊరు వెళుతున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట ఊళ్లకు పంపారు. వారి ముందున్న లోటు పుస్తకం అందకపోవడం. మన ముందున్న లోటు వేరు. పుస్తకం ఉంది, ఎక్కడుందో, ఏమిటో, ఎవరిదో చెప్పే పద్దు లేదు. వారు పడవ నడిపినవారు, మనం పద్దు వ్రాయలేమా?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం ప్రాంతాలకు సంబంధించిన పుస్తకాలు, శాసనాలు, పాత పత్రికల వ్యాసాలు మీ ఇంట ఎన్ని ఉంటే అన్నింటికి పద్దులు వ్రాయండి. జొటెరోలో ఉమ్మడి గ్రంథాలయం ఏర్పరచుకొనే వీలు ఉంది, ఉచితమే. పదిమంది పూనుకొని తలకు నూరు పద్దులు వ్రాస్తే వేయి అవుతాయి. ముఖపత్రం చూసి వ్రాయాలి. తెలుగు లిపిలో వ్రాయాలి. ముద్రణ సంవత్సరం వ్రాయాలి. ప్రతి ఎక్కడ చూశారో వ్రాయాలి. ఈ నాలుగూ లేని పద్దును చేర్చము. నా బీరువాలో ఇంతవరకు నాలుగు వందల పన్నెండింటికి వ్రాశాను. అడిగినవారికి ఆ దస్త్రం పంపుతాను.

కాదు, ఇదంతా వృథా అనే మిత్రులకు వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంది. ఖండించండి, సంతోషిస్తాను. ఖండించేటప్పుడు మాత్రం ఫలానా పెద్దలు అన్నారని ఊరుకోకండి. ఏ గ్రంథంలో, ఏ ముద్రణలో, ఎన్నవ పుటలో అన్నారో కూడా వ్రాయండి.

స్వస్తి.